రెండు గుళ్లలో సలోమి

ఒకే ఆదివారం, రెండు ఊళ్ల చర్చిల్లో, ఒకే పిల్లకు ఇద్దరు వేర్వేరు పెళ్లికొడుకులతో ప్రకటన చదవడం ఎక్కడైనా ఉంటుందా అంటే, సలోమి లాంటి మంచిపిల్ల ఉన్నచోట ఉంటుంది. మొండిపిల్ల అయితే వ్యవహారం ఇంతదాకా వచ్చేదే కాదు. ఎప్పుడో ఒకప్పుడు, ఏదో ఒక ఇంట్లో, 'నాకొద్దు పో' అని కాళ్లు తన్నుకుని ఉండేది. సలోమి నోట ఆ మాట పుట్టి ఎరగదు.

ఆమెకు ఇళ్లు రెండు. నంద్యాలలో తండ్రి జీవరత్నం, బడిపంతులు. ఆళ్లగడ్డలో తల్లి తరఫు అవ్వ ఓబులమ్మ. తల్లి లూదియా సలోమికి ఊహ తెలిసీ తెలియని వయసులో జ్వరం వచ్చి పోయింది. అప్పుడు సమాధి ఎక్కడన్న దగ్గర పట్టింపు వచ్చింది. నా బిడ్డను నా ఊళ్లో పెట్టమని ఓబులమ్మ, నా భార్య నా ఊళ్లోనే ఉంటుందని జీవరత్నం. చివరికి నంద్యాలలోనే పెట్టారు. ఓబులమ్మ పిడికెడు మట్టి వేసి, లేచి, చేతులు దులుపుకోకుండానే అల్లుడి వైపు తిరిగింది.

"పెద్దదాన్ని నువ్వు పెట్టుకున్నావు. చిన్నదాన్నన్నా నాకియ్యి."

జీవరత్నం కాదనలేకపోయాడు. ఆ రోజు నుంచి అత్తా అల్లుడూ మాట్లాడుకోలేదు. తిట్టుకోనూ లేదు. తిట్టుకుని ఉంటే ఎప్పుడో ఒకప్పుడు కలిసిపోయేవాళ్లు.

సలోమి ఆళ్లగడ్డలో పెరిగింది, అక్కడే చదివి అక్కడే బడిలో టీచరైంది. వారం విడిచి వారం శనివారం బస్సెక్కి నంద్యాలకు పోయేది. బాప్తిస్మం పొందింది నంద్యాల గుళ్లో, పెద్దయ్యాక సంఘ సభ్యురాలిగా ప్రమాణం చేసింది ఆళ్లగడ్డ గుళ్లో. రెండు సంఘాల పుస్తకాల్లోనూ ఆమె పేరుంది. రెండిళ్ల కబుర్లూ మోసేది ఆమే. ఒట్టిగా మోసేది కాదు, చక్కెర వేసి మోసేది. "అవ్వా, నాయన నీ మోకాలు ఎట్లుందని అడిగినాడు" అనేది. పాపం జీవరత్నానికి ఆమె మోకాలి సంగతే తెలియదు. "నాయనా, అవ్వ నీకోసమని జొన్నరొట్టెలు చేసి పంపింది" అనేది. ఓబులమ్మ చేసింది మనవరాలి దారిబత్తెం. ఇట్లా ఇద్దరి మధ్యా లేని ప్రేమను ఆ పిల్ల ఒక్కతే బస్సు టికెట్టు కొనుక్కుని నడిపించింది.

ఈ పనిలో ఆమే రెండు ముక్కలైంది. నంద్యాల సలోమి కాఫీ తాగుతుంది. జీవరత్నం కాఫీ పిచ్చివాడు, బిడ్డ వచ్చిన పూట తన చేత్తో డికాషన్ దింపి ఇస్తాడు. ఆళ్లగడ్డ సలోమి టీ తాగుతుంది. అల్లుడి కాఫీ అంటే ఓబులమ్మకు పడదు గనుక చిన్నప్పుడే ఆ పిల్ల 'నాకు కాఫీ వాసన పడదవ్వా' అని ముసలమ్మ మనసు చల్లబరిచింది. నిజానికి ఆమెకు ప్రాణం మజ్జిగ. ఆ సంగతి ఏ ఇంటికీ తెలియదు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

అది ఎనభై ఆరో సంవత్సరం. నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు కదులుతుండగా జీవరత్నం కిటికీ పట్టుకుని నాలుగడుగులు నడిచాడు.

"పాణ్యం సంబంధం ఒకటి వచ్చిందమ్మా. నతానియేలని, నా దగ్గర సదువుకున్నోడే. మన గుళ్లో నిన్ను చూసినాడంట. హైదరాబాదులో కంప్యూటర్ల పని. మాట్లాడమంటావా?"

"నీ ఇష్టం నాయనా" అంది సలోమి. బస్సు వెళ్లిపోయింది.

తర్వాతి వారం వాన పట్టింది. కుందూ పొంగింది, శిరివెళ్ల దగ్గర రోడ్డు తెగింది. బస్సులు లేవు, టపా లేదు, టెలిఫోను స్తంభాలు చేలల్లో పడుకున్నాయి. ఆ వానలోనే ఒక సాయంత్రం ఓబులమ్మ పొయ్యి ముందు కూర్చుని కదిపింది.

"కొలిమిగుండ్లలో మంచి పిల్లోడున్నాడే. యాకోబు. నాపరాళ్ల గనిలో మేస్త్రీ. మొన్న గుళ్లో చూసినావు కదా, పొడుగ్గా ఉంటాడు. ఏమంటావు?"

సలోమి అప్పుడే చెప్పాల్సింది, నాయన కూడా ఒకటి చూస్తున్నాడని. చెబితే అవ్వ ముఖం ముడుచుకుంటుంది. శనివారం నంద్యాలకు పోయి అక్కడ మెల్లగా సర్దుదాం, ఎన్ని సర్దలేదు అనుకుంది.

"నీ ఇష్టం అవ్వా" అంది.

ఆ శనివారం బస్సు నడవలేదు. ఆ పై శనివారమూ నడవలేదు.

ఇందులో ఇంకో చిక్కుంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో ఆ గుళ్లలో పెళ్లిళ్లు చెయ్యరు. పెళ్లి చెయ్యాలంటే మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఫలానా ఆయన కొడుకూ ఫలానా ఆయన కూతురూ పెళ్లాడబోతున్నారు, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి అని. అదీ ఒక్క గుళ్లో చాలదు. పిల్లవైపు గుళ్లో, పిల్లోడివైపు గుళ్లో చదివి, ఈ అయ్యగారు ఆ అయ్యగారికి చీటీ పంపి, మా దగ్గర అభ్యంతరం లేదు, మా దగ్గరా లేదు అని రెండు వైపులా అనుకుంటే తప్ప ముడి పడదు. నతానియేలు పేరు నంద్యాల సంఘంలో, యాకోబు పేరు ఆళ్లగడ్డ సంఘంలో ఉన్నాయి గనుక ఎటు చూసినా ఈ రెండు గుళ్లే. ఆగమనం ముంచుకొస్తోందని జీవరత్నం తొందరపడ్డాడు. ఓబులమ్మా తొందరపడింది. ఉంగరాల తంతు పెళ్లికి ముందురోజు పెట్టుకుందాం, ముందు ప్రకటన పడనీ అని ఇద్దరూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఒకే మాట అన్నారు. సలోమి తరువాత వచ్చి తీపిగా చెబుతుందిలే అని ఇద్దరికీ ధీమా.

ఆ ఆదివారం ఆళ్లగడ్డ గుళ్లో తన పేరు యాకోబు పేరుతో కలిపి చదువుతుంటే సలోమి తలవంచుకుంది. పక్కనున్న ఆడవాళ్లు మోచేత్తో పొడిచారు. ఆమెకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ భయమేసింది. సరిగ్గా అదే వేళకు నంద్యాల గుళ్లో ఆమె పేరు నతానియేలు పేరుతో మోగుతోందని ఆమెకు తెలియదు. సోమవారం రోడ్డు బాగయింది. రెండు గుళ్ల చీటీలూ రెండు బస్సులెక్కి, శిరివెళ్ల దగ్గరే ఎక్కడో ఎదురుబొదురుగా దాటిపోయి ఉంటాయి.

మంగళవారం సాయంత్రం ఆళ్లగడ్డ అయ్యగారు ఇంటికి వచ్చారు. ఆయన మంచివాడే కానీ రూలు మనిషి. చీటీ చదివి వినిపించి కళ్లజోడు తీశారు.

"ఇదేందమ్మా ఓబులమ్మా? ఒక పిల్ల, ఇద్దరు పిల్లోళ్లు?"

"మా అల్లునికి బుద్ధి లేదయ్యగారూ!" ఓబులమ్మ కొంగు బిగించింది. "పెంచింది నేను. అడగల్యా, చెప్పల్యా, ఆడ కూర్చొని రాసిచ్చినాడా?"

"అక్కడ ఆయన కూడా మీ గురించి ఇదే అంటుంటాడు. సంఘం ముందు చదివిన మాట నేను ఇంట్లో కూర్చుని మింగలేను. ఆదివారం రెండు ప్రకటనలూ చదువుతాను. ఆపాలనుకున్నవాళ్లు సంఘం ముందే నిలబడి ఆపాలి."

ఆయన వెళ్లాక సలోమికి అన్నం దిగలేదు. ఏ పేరు నిలిచినా ఒక ఇల్లు విరుగుతుంది. నతానియేలు అంటే, పెంచిన చెయ్యి చిన్నబోతుంది. యాకోబు అంటే, వారమంతా తనకోసం ఎదురుచూసే తండ్రి ఒక్కడే కూర్చుని రెండు గ్లాసుల కాఫీ కలుపుకుంటాడు. పెళ్లికొడుకుల ముఖాలు ఆమెకు గుర్తే రావడం లేదు. ఈ రెండు ముఖాలే.

బుధవారం బడి వదిలాక ఆమె ఇంటికి వచ్చేసరికి వసారాలో ఓబులమ్మ చేటతో కందులు చెరుగుతోంది. వాకిట్లో ఒక మనిషి చెప్పులు విడుస్తున్నాడు.

"ఎవరప్పా?"

"నతానియేలు అవ్వా. పాణ్యం."

చేట ఆగింది. "నీవేనా ఆ నంద్యాలోడు?"

"పాణ్యం అవ్వా."

"రెండూ ఒకటేలే. కూర్చో. ఇంటికొచ్చినోన్ని నిలబెట్టి తిట్టకూడదు. సలోమీ, టీ పెట్టు."

సలోమి మూడు గ్లాసులు తెచ్చింది. నతానియేలు తన గ్లాసు అందుకుని, ఆమె చేతిలోని గ్లాసు వైపు చూశాడు.

"మీరు టీ తాగుతారా? సారు చెప్పినాడే, మా సలోమికి కాఫీ లేంది కన్ను తెరుచుకోదు అని?"

"కాఫీనా!" ఓబులమ్మ గయ్యిమంది. "దానికి కాఫీ వాసనే పడదు. వాంతికొస్తాది. ఏమే?"

సలోమి గ్లాసులో ఆవిరి చూస్తూ నిలబడింది. నతానియేలు నవ్వి ఉంటే ఆమె ఆ క్షణాన అతణ్ని మనసులోంచి తీసేసి ఉండేది. అతను నవ్వలేదు. ముసలమ్మ వైపు తిరిగి, మాట మార్చడానికన్నట్టు తన పని సంగతి ఎత్తాడు.

"నేను చేసేది కూడా ఇట్లాంటి పనే అవ్వా."

"టీ అంగడా?"

"కాదు. మా కంపెనీ ట్రాక్టరు సామాన్లు అమ్ముతాది. హైదరాబాదులో ఒక కంప్యూటరు, మద్రాసులో ఒకటి. రెండింట్లోనూ ఒకటే లెక్క ఉండల్ల. గోడౌన్లో గేరుపెట్టె ఒకటే మిగిలిందనుకో. హైదరాబాదులో దాన్ని ఒక రైతుకు రాస్తారు. అదే నిమిషంలో మద్రాసులో ఇంకొక రైతుకు రాస్తారు. మధ్యలో టెలిఫోను తీగ తెగిపోయి ఉంటాది, ఒకరిది ఒకరికి తెలీదు. ఇద్దరు రైతులూ బండ్లు కట్టుకొని వస్తారు."

"ఉండేది ఒకటే కదా?"

"ఒకటే."

ఓబులమ్మ కంది గింజలు వదిలేసి మోకాళ్లు చుట్టుకుంది. "మల్ల ఏం చేస్తారు?"

"ఒకటి, ఒక ఊరిని పెద్ద చేస్తారు. ఆ ఊరు సరే అంటేనే రెండో ఊరు రాయల్ల. తీగ తెగినప్పుడు రెండో ఊరు చేతులు కట్టుకొని కూర్చోవల్సిందే."

"పెద్ద ఊరు ఆళ్లగడ్డ అయితే నాకు సమ్మతమే."

"సారు నంద్యాల అంటాడు. అందుకే అది కుదరదు. ఇంకోటి, ఎవరు ఆఖర్న రాస్తే వాళ్లదే నిలిచేది. ముందు రాసింది చెరిగిపోతాది. ఇది సులువని మా వాళ్లు పెట్టినారు. తీరా చూస్తే మద్రాసు గడియారం ముందుకు పోతాండాది. ప్రతిసారీ మద్రాసే ఆఖర్న రాసినట్టు కనపడి అదే గెలిచింది. హైదరాబాదు రైతుకు తన పెట్టె ఎందుకు పోయిందో కూడా తెలీల్యా."

"అన్యాయమప్పా అది."

"అన్యాయమే. మూడోది, ఎవరూ గబుక్కున సిరాతో రాయకూడదు. ముందు పెన్సిలుతో రాసుకొని, రాసేదా అని ఒకరినొకరు అడగల్ల. అటూ ఇటూ సరే అంటేనే సిరా. ఒకరు కాదన్నా ఇద్దరూ చెరిపేయల్ల."

"మన గుళ్లో ప్రకటన మాదిరి" అంది సలోమి. అప్పటిదాకా ఆమె అన్న మొదటి మాట అదే. "మూడు ఆదివారాలు, రెండు గుళ్లు, రెండు చీటీలు."

నతానియేలు గ్లాసు కింద పెట్టాడు. "నాకు తోచనే లేదు చూడండి. అట్లయితే మనమింకా పెన్సిలు దగ్గరే ఉండాం."

ఆ మాటకు ఆమెకు ఎందుకో ఊపిరి ఆడింది.

"నాలుగోది ఒకటుంది" అన్నాడు అతను. "మా పెద్దసారుకు నచ్చదు, ఆలస్యమంటాడు. నాకు అదే నచ్చుతాది. రెండు రాతలూ వచ్చినప్పుడు కంప్యూటరు తనంతట తాను ఒకటి చెరపకూడదు. రెండూ అట్లే పెట్టి, తెలిసినోళ్లను పిలిచి అడగల్ల."

"అడిగితే వాళ్లకూ తెలీకపోతే?" అంది సలోమి.

"తెలిసేదాకా ఆగల్ల. ఆగేది తప్పు కాదు. ఎవరికీ చెప్పకుండా చెరిపేదే తప్పు." అతను లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "ప్రకటనకని ఊరికి వచ్చి ఉంటి, చీటీ సంగతి సారు నిన్న చెప్పినాడు. మిమ్మల్ని అడగల్లనే వచ్చినా. జవాబు ఇప్పుడే వద్దు. కాదన్నా నేను సారు శిష్యుణ్నే, ఆడికేం పోదు. పోయొస్తానవ్వా, టీ బాగుంది."

అతను వీధి మలుపు తిరిగేదాకా ఓబులమ్మ చూసింది. "మాటకారి" అంది. కాసేపయ్యాక, "టీ మాత్రం అడుగు దాకా తాగినాడు" అంది. మరికాసేపయ్యాక చేట పక్కకు నెట్టింది.

"నంద్యాలలో కాఫీ తాగుతావా?"

ఇంతకాలం ఏ ప్రశ్నకైనా సలోమి దగ్గర రెండు జవాబులుండేవి, ఏ ఇంటికి ఏది సరిపోతే అది. ఈసారి అవ్వ ముఖం చూస్తే ఒక్కటీ నోటికి రాలేదు.

"తాగుతానవ్వా." ఆమె నేల మీద కూలబడి అవ్వ ఒళ్లో తల పెట్టేసింది. "ఆ పాణ్యం సంబంధానికి నాయనతో సరే అన్నా. దీనికి నీతోనూ సరే అన్నా. మీ తప్పు లేదు. అంతా నేనే చేసినా."

ఓబులమ్మకు కోపం రావాలి. వచ్చింది కూడా, గొంతు దాకా. కానీ ఒళ్లో తల వణుకుతుంటే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కందిపొట్టు అంటిన చేత్తో ఆ జుట్టు నిమిరింది.

"పిచ్చిముండా. నేనేమన్నా పులినా, నిజం చెప్తే తినేదానికి?"

శనివారం సలోమి నంద్యాల బస్సెక్కింది. జీవరత్నం గడపలోనే నిలబడి ఉన్నాడు, ముఖం పీక్కుపోయింది. ఏమీ అడగకుండా లోపలికి పోయి కాఫీ తెచ్చి ముందు పెట్టాడు. ఆమె ముట్టుకోలేదు.

"రేపు ఆళ్లగడ్డకు రా నాయనా. గుడికి."

"మీ అవ్వ పిలిచిందా?"

ఔననడం ఆమెకు అలవాటు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"పిలవల్యా. నేను పిలుస్తాండా."

జీవరత్నం బిడ్డను కొత్తగా చూశాడు. చల్లారిపోతున్న కాఫీని చూశాడు. "మొదటి బస్సుకు పోదాం" అన్నాడు.

ఆదివారం గుడి నిండిపోయింది. ఒక పిల్లకు రెండు ప్రకటనలన్న వార్తకు కాళ్లు వస్తాయి గదా, ప్రార్థనకు ఎప్పుడూ రానివాళ్లు కూడా ఆ పూట భక్తి పుట్టి వచ్చారు. మగవాళ్ల వైపు చివర జీవరత్నం కూర్చున్నాడు. రెండు వరుసల ముందు పొడుగ్గా యాకోబు. ఆడవాళ్ల వైపు ఓబులమ్మ, పక్కన సలోమి. అల్లుణ్ని చూసి ఓబులమ్మ ముసుగు సర్దుకుంది, అంతే.

అయ్యగారు మొదట యాకోబు ప్రకటన చదివారు, రెండోసారి అని. ఆ వెంటనే నతానియేలుది చదివారు, నంద్యాల నుంచి వచ్చింది అని. గుసగుసలు లేచాయి. ఆయన వాటిని లెక్కచేయకుండా, ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే తెలపండి అన్నారు.

సలోమి నిలబడింది. అవ్వ చెయ్యి వెనక నుంచి ఆమె కొంగు పట్టుకుంది, ఆపడానికో ఆనుకోమనో తెలియలేదు.

"ఉందయ్యగారూ."

"దేనికమ్మా?"

"రెండింటికీ."

"కారణం చెప్పాలి."

"పిల్లను అడిగినారు. పిల్ల అబద్ధం చెప్పింది." మగవాళ్ల వైపు చివరన ఉన్న తండ్రిని చూసింది. "నాయనకు బాధని నాయనతో సరే అన్నా. అవ్వకు బాధని అవ్వతో సరే అన్నా. నాకేం కావల్లో నాకు నేనే చెప్పుకోల్యా. ఇద్దరినీ ఆపండి. తెలిసిననాడు నేనే వచ్చి ఈన్నే నిలబడి చెప్తా."

అయ్యగారు రెండు కాగితాలూ మడిచి బైబిలు కింద పెట్టారు. "అభ్యంతరం చెల్లుతుంది" అన్నారు. తర్వాత, రూలు పుస్తకంలో లేని మాట ఒకటి అన్నారు: "కూర్చోమ్మా, బాగా చెప్పినావు."

బయట గేటు దగ్గర ఆమె యాకోబు ముందుకు పోయి నిలబడింది. "తప్పు నాది. నలుగురిలో నీకు తలవంపు తెచ్చినా."

యాకోబు మెడ గోక్కున్నాడు. "మా ఇంట్లో అడిగితే నేనూ 'మీ ఇష్టం' అనే చెప్పినా" అన్నాడు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. అతను ఆ నవ్వుతోనే కొలిమిగుండ్ల పోయే నాపరాళ్ల లారీ ఎక్కి పోయాడు.

జీవరత్నం బస్టాండు వైపు అడుగులేస్తున్నాడు. ఓబులమ్మ రోడ్డుకు అడ్డంగా నిలబడింది.

"ఊరికొచ్చినోడివి గడప తొక్కకుండా పోతావాప్పా? తిట్టల్ల అనుకుంటే ఇంట్లో తిడతా. రా."

లూదియా పోయాక జీవరత్నం ఆ ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదలు. దూలానికి వేలాడే ఉట్టి అప్పటిదే. ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఓబులమ్మ పొయ్యి రాజేసింది.

"బిడ్డకు కాఫీ పెట్టత్తా" అన్నాడు ఆయన, ఏదో ఒకటి మాట్లాడాలని.

"దానికి టీనే అలవాటు."

"కాఫీనే తాగుతాది. నా చేత్తో ఇస్తా కదా."

"నేను పెంచినా కదప్పా."

ఇద్దరూ ఒకేసారి సలోమి వైపు తిరిగారు. సలోమికి గుళ్లో నిలబడ్డప్పటికంటే ఇప్పుడే ఎక్కువ భయమేసింది.

"నాకు రెండూ వద్దు. మజ్జిగ కావల్ల."

పొయ్యిలో పుల్ల చిటపటమంది. ఓబులమ్మ చేతిలోని గిన్నె మెల్లగా కింద పెట్టింది.

"వాళ్లమ్మ బుద్ధే" అంది. "లూదియా కూడా అంతే. ఏది పెట్టినా ముట్టేది కాదు, చెంబుడు మజ్జిగ ముందర పెట్టుకొని కూర్చునేది."

జీవరత్నం తలెత్తాడు. "లూదియానా? లూదియా కాఫీ తాగేది కదత్తా. రోజూ పొద్దున నాతో పాటు కూర్చొని తాగేది."

"నా బిడ్డ కాఫీ మొగం చూసి ఎరగదు."

"ఒక్కరోజు కూడా వద్దనల్యా..." ఆయన మూతి మీద చెయ్యి పెట్టుకున్నాడు. తనతో పాటు కూర్చోవడానికే లూదియా బతికున్నన్నాళ్లూ నచ్చనిది తాగిందని ఆయనకు అప్పుడు తెలిసింది. తెలిసినా చెప్పుకోవడానికి ఆమె లేదు.

ఓబులమ్మకు కూడా ఏదో తెలిసింది. తన కూతురు ఆ ఇంట్లో ప్రతి పొద్దూ మొగుడి పక్కన కూర్చుని, ఇష్టం లేనిదాన్ని ఇష్టంగా తాగింది. ఇన్నేళ్లూ ఆమె అక్కడ ఎట్లా బతికిందో అడగాలనే తోచలేదు. తన దగ్గరున్నది పెళ్లికి ముందరి లూదియా, ఇతని దగ్గరున్నది పెళ్లయిన లూదియా. ఇద్దరూ సగం సగం పట్టుకుని, మొత్తం తమ దగ్గరే ఉందనుకున్నారు.

"ఇంకేం చేసేదప్పా ఆడ?" అంది ఓబులమ్మ. గొంతులో కోపం లేదు. "చెప్పు. నాకేం తెలీదు."

జీవరత్నం చెప్పాడు. మధ్యలో ఓబులమ్మ చిన్నప్పటి సంగతులు చెప్పింది. సలోమి ఉట్టి దించి మజ్జిగ చిలికింది. ముగ్గురికీ పోసింది. ఆ రోజు ఆమెను ఎవరూ ఏమీ మొయ్యమనలేదు. మాటలు వాటంతట అవే అటూ ఇటూ పోతుంటే, తన పని పోయినట్టుగా, హాయిగా, గోడకు ఆనుకుని వింటూ ఏడ్చింది.

ఆ ఆగమనం పోయింది, క్రిస్మస్ పోయింది. నతానియేలు హైదరాబాదు నుంచి ఉత్తరాలు రాసేవాడు. కార్బన్ కాగితం పెట్టి ఒకే ఉత్తరం రెండు రాసి, ఒకటి నంద్యాలకు, ఒకటి ఆళ్లగడ్డకు వేసేవాడు. ఇంత జాగ్రత్తగల మనిషితో ఎట్లా వేగడం అని ఓబులమ్మ దెప్పేది, అయినా పోస్టుమాను కోసం వీధిలోకి తొంగిచూసేది. ఈస్టరు దాటాక ఒక ఆదివారం సలోమి మాట నిలబెట్టుకుని గుళ్లో లేచి నిలబడి, తనకు తెలిసిందని చెప్పింది. ఎవరి పేరో సంఘానికి అప్పటికే తెలుసు. ఊళ్లో రహస్యం పిండిలో ఉప్పు, కనపడదు కానీ అందరికీ రుచి తగులుతుంది.

ప్రకటన చదివే మొదటి ఆదివారం తెల్లవారకముందే ఓబులమ్మ చీర మార్చుకుని సంచి పట్టుకుంది.

"యాడికవ్వా?"

"నంద్యాలకు. ఆడ నీ పేరు సరిగా సదువుతారో లేదో, నా చెవుల్తో వినల్ల."

సలోమి ఒంటరిగా గుడికి పోయింది. కూర్చున్నాక చూస్తే మగవాళ్ల వైపు మొదటి వరుసలో తెల్ల చొక్కా వేసుకుని జీవరత్నం. ఆమె అదిరిపడి అటు వంగింది.

"నువ్వేంది నాయనా ఈడ?"

"మీ అవ్వకు చెవులు సరిగా వినపడవు కదా" అని గుసగుసలాడాడు ఆయన. "ఈడ ఎట్లా సదువుతారో నేను వినిపోదామని వచ్చినా."

"అవ్వ ఆడికి పోయింది!"

జీవరత్నం నోరు తెరిచాడు. అంతలో అయ్యగారు పీఠం దగ్గరికి వచ్చారు. జీవరత్నం కుమార్తె సలోమి, పాణ్యం కాపురస్థుడు నతానియేలు అని చదివి, అభ్యంతరం అన్నప్పుడు గుడి గుడంతా ఒక్కసారిగా సలోమి వైపు తిరిగింది. అయ్యగారు కూడా కాగితం మీది నుంచి చూశారు. సలోమి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కదలకుండా, నవ్వు ఆపుకోలేక కూర్చుంది.

సాయంత్రం నంద్యాల బస్సు దిగి ఓబులమ్మ వచ్చేసరికి తండ్రీ కూతుళ్లు వసారాలో ఎదురుచూస్తున్నారు. ఆమె అల్లుణ్ని చూసి ఆశ్చర్యపోలేదు.

"సదివినారు" అంది మెట్టు మీద కూర్చుంటూ. "నీ పేరు, ఆ పిల్లోని పేరు. తప్పు పోల్యా."

"ఈడా అట్లే సదివినారత్తా" అన్నాడు జీవరత్నం. "అదే పేరు."

"అయితే సరే."

సలోమి మజ్జిగ చెంబు తెచ్చి ఆమె చేతికిచ్చింది. ఓబులమ్మ తాగి, చెంబు పక్కన పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది. అప్పుడు ఆమె చీర కుచ్చిళ్లకు ఎండిన ఎర్రమట్టి అంటుకుని ఉండటం సలోమి చూసింది.

"గుడి అయినంక సమాధులకాడికి పోయినా" అంది ఓబులమ్మ, ఇద్దరిలో ఎవరి వైపూ చూడకుండా. "లూదియాకు కూడా చెప్పి వచ్చినా."